గుమ్మం, చెవిపోగులు, నేలగీత

ఆ వానాకాలం మా ఇంట్లో అందరికంటే ఎక్కువ మాట్లాడిన మనిషి మా ఇంటికి ఒక్కసారీ రాలేదు. కంప్యూటర్లో ఉండేవాడు. ఎప్పుడు చూసినా ఒకటే నీలి చొక్కా, వెనకాల ఒకటే తెల్లగోడ. మా వాడు పాఠం పెట్టించుకోగానే, "మిత్రులారా, కిందటి పాఠంలో ఏం చెప్పుకున్నాం?" అని మొదలుపెట్టేవాడు.

లిఫ్టులు బాగుచేసే మా ఆయన పనిలోంచి వచ్చి బూట్లు విప్పుకుంటూ, "చెప్పినవాడివి నీకే గుర్తులేకపోతే మాకేం గుర్తుంటుందయ్యా?" అనేవారు.

మా వాడు నవ్వేవాడు. నవ్వితే వాడికి పొలమారేది. పొలమారితే నా ప్రాణం గిలగిల్లాడేది. "మీ జోకులు మీ లిఫ్టుల దగ్గర వేసుకోండి, వాణ్ణి నవ్వించకండి" అని కసిరేదాన్ని. కొడుకుని నవ్వించవద్దని మొగుణ్ణి తిట్టే తల్లిని లోకంలో నేనొక్కదాన్నేనేమో.

మా వాడిది ఒంట్లో కండలు ఒక్కొక్కటే పని మానేసే జబ్బు. ముందు కాళ్ళు మానేశాయి, తరవాత చేతులు. అప్పటికి గొంతు మిగిలింది. అదీ ముద్దముద్దగా, నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడుతున్నట్టు వచ్చేది. బయటివాళ్ళకి అర్థమయ్యేది కాదు. మా ఆయనకి సగం, మా అమ్మాయికి ముప్పాతిక. నాకు మొత్తం అర్థమయ్యేది. వాడికి మాటలు రాని వయసులోనే వాడి మాటలు అర్థం చేసుకున్నదాన్ని, ఇప్పుడు అర్థం కాకపోవడమేమిటి అనుకునేదాన్ని.

చేతులు ఆడుతున్నన్నాళ్ళూ వాడు ఒక బిల్లుల కంపెనీకి ఇంట్లో కూర్చునే ప్రోగ్రాములు రాసి పెట్టాడు. ఆ కంపెనీ వాళ్ళు ప్రోగ్రాములు రాసే పాత భాష తీసేసి కొత్తది పెట్టుకున్నారు. పాత భాషవాళ్ళని ఇంటికి పంపేశారు. మా వాడు అప్పటికే ఇంట్లోనే ఉన్నాడు కనక ఆ సంగతి ఉత్తరంలో తెలిసింది. మర్నాడే కొత్త భాష నేర్చుకుంటానన్నాడు.

"ఆ భాష ఎవరైనా మాట్లాడతారా?" అన్నారు మా ఆయన.

"ఎవరూ మాట్లాడరు నాన్నా. రాస్తారంతే. ఇందులో రాతకూడా తక్కువే. పాతదాంట్లో పది మాటలు పట్టేది ఇందులో రెండు మాటల్లో అయిపోతుంది."

ఎందుకు ఏరికోరి అది పట్టుకున్నాడో నాకప్పుడు అర్థమైంది. మాట మాటకీ ఊపిరి లెక్క చూసుకుంటున్నాడు వాడు.

మొదట్లో వాడు చెబుతుంటే కంప్యూటరే విని రాసుకునేది. వానలు మొదలయ్యేసరికి దానికి వీడి మాట తెలియడం మానేసింది. వాడొకటి అంటే అదొకటి రాసేది. అందుకని కీబోర్డు ముందు నన్ను కూర్చోబెట్టారు. నా చదువు ఎనిమిదితో ఆగింది. ఇంగ్లీషు అక్షరాలు తెలుసు, షాపుల బోర్డులు కూడబలుక్కుని చదువుతాను. అంతే. పైగా నాకు ఆ మీటలంటే భయం. ఏది నొక్కితే వాడి నెలల కష్టం ఎగిరిపోతుందోనని ఒక్కొక్క మీటనీ వేడి గిన్నెని ముట్టుకున్నట్టు ముట్టుకునేదాన్ని.

అక్షరాలు ఫరవాలేదు. చిక్కల్లా గుర్తులతో. వాటి పేర్లు పొడుగు, వాడి ఊపిరి పొట్టి. అందుకని మేమే పేర్లు పెట్టుకున్నాం. తెరిచే బ్రాకెట్టు గుమ్మం. మూసేది తలుపు. మాటకి అటూ ఇటూ పైన వేలాడే చుక్కల జంట చెవిపోగులు. ఆ పేరు పెట్టింది చెప్పుల షాపులో పనిచేసే మా అమ్మాయి. కింద పడుకునే గీత నేలగీత. కొన్ని వరసలు అంచునుంచి కాస్త లోపలికి జరిపి రాయాలి, లేకపోతే ఆ భాష ఊరుకోదు; దానికి 'జరుగు' అనేవాడు.

"జరుగు. గుమ్మం. చెవిపోగులు పెట్టు."

"పెట్టాను."

"ఒకవైపే పెట్టావమ్మా."

"రెండో చెవికి కూడానా?"

"ఒక చెవికి పోగు పెట్టుకుని పెళ్ళికి వెళ్తావా?" అనేది అమ్మాయి, బ్యాగు భుజాన వేసుకుంటూ.

నొక్కగానే తెర మీద ఎర్రటి అక్షరాలు వరసగా దిగేవి. నేను మీటల మీంచి చేతులు తీసేసేదాన్ని. "అయ్యో, ఏదో పాడు చేశాను నాన్నా."

"పాడవలేదు. ఎక్కడ తప్పుందో చెబుతోంది. కింది వరస చదువు."

మందలించని గురువు వాడొక్కడే నాకు. నేను తప్పు చేసిన ప్రతిసారీ అదే తాపీగా, "కింది వరస చదువు" అనేవాడు. తెర మీద అంతా సరిగ్గా వచ్చినప్పుడు కళ్ళు మూసుకుని ముక్కుతో సన్నగా శబ్దం చేసేవాడు. ఆ శబ్దం కోసం మధ్యాహ్నమల్లా కూర్చునేదాన్ని. పొయ్యిమీద పాలు ఎన్నిసార్లు పొంగిపోయాయో.

వానలు ముదిరాయి. తేమకి వాడికి గొంతులో కఫం చేరేది. ఆస్పత్రికి తీసుకెళ్తే పొడుగాటి డాక్టరొకాయన వాడి గుండెలమీద గొట్టం పెట్టి విని, నా వైపు తిరిగి చెప్పాడు.

"మెడ దగ్గర చిన్న రంధ్రం చేసి గొట్టం పెడదామమ్మా. మెషిను సాయంతో ఊపిరి ఆడుతుంది. ఇంక ఆలస్యం చేయకూడదు."

"మాట?" అన్నాడు మా వాడు. ఆ ఒక్కటీ డాక్టరుక్కూడా అర్థమైంది.

"కొంతమందికి తిరిగొస్తుంది. నీ కండల పరిస్థితికి రాకపోవచ్చు బాబూ. అబద్ధం చెప్పను."

మా వాడు ఒక వాక్యం చెప్పాడు. డాక్టరు నా మొహంకేసి చూశాడు, ఏమన్నాడన్నట్టు.

ఆ గదిలో ఆ మాట అర్థమైనదాన్ని నేనొక్కదాన్నే. 'సరేనంటున్నాడండీ' అని నేనంటే కాదనేవాళ్ళు లేరు. వాడు కాదని అరిచినా అదేమిటో వాళ్ళకి తెలియదు. నా నాలుక చివరిదాకా వచ్చింది. వాడు నన్నే చూస్తున్నాడు.

"కోర్సు అయ్యాక, ఉద్యోగం సంగతి తేలాక చేయించుకుంటాడటండి" అన్నాను.

"కోర్సు ఎక్కడికి పోతుంది?"

మా వాడు చెప్పాడు. నేను చెప్పాను. "కోర్సు పోదు, ఉద్యోగానికి మాట్లాడాలి కదా అంటున్నాడు."

అప్పట్నుంచి వాడు పడుకున్నప్పుడల్లా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. "అమ్మా, నేను నిద్రపోవడం లేదు, పాఠం ఆలోచిస్తున్నాను" అనేవాడు కళ్ళు తెరవకుండానే.

వాడు పెట్టుకున్న ఆ ఉద్యోగం పెద్దదేం కాదు. ఒక చిన్న కంపెనీ. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే పని. ఇంట్లోంచి చేసుకోవచ్చు. వీడు రాసి పంపిన నమూనా వాళ్ళకి నచ్చింది. కంప్యూటర్లో మొహాలు చూసుకుంటూ ఒకసారి మాట్లాడాలన్నారు. పరిస్థితి అంతా వాడు ముందే రాయించాడు నాచేత. పక్కన తల్లి కూర్చుని మాట అందిస్తే అభ్యంతరం లేదన్నారు. మంచివాళ్ళు. ఆ మాట ఇప్పటికీ అంటాను.

ఆ రోజు పొద్దున్నుంచీ ముసురు. మా కిటికీ పైన ఇనప రేకు ఉంది. నాలుగు చినుకులు పడితే చాలు, పళ్ళేలు బోర్లించి కొట్టినట్టు ఉంటుంది ఇల్లు. నేను కంగారు పడుతుంటే మా ఆయన పాత పరుపూ, గోనె సంచులూ చంకన పెట్టుకుని నిచ్చెనెక్కారు.

"ఏమండీ, జారి పడతారు! నడుం విరిగితే ఇద్దరిని ఎత్తలేను నేను!"

"లిఫ్టు గోతుల్లో వేలాడినవాణ్ణి, ఈ రేకు మీంచి పడతానా?"

"పడేవాళ్ళందరూ అలాగే అంటారు!"

"పడ్డాక మాత్రం నువ్వన్నదే కరెక్టంటారు. లోపలికి పోవే, తడుస్తున్నావు."

రేకు మీద పరుపు పరిచి, సంచులు కప్పి, ఇటుకలు పెట్టి దిగారు. అటు తరవాత ఎంత వాన పడినా లోపలికి మెత్తగా వినిపించింది. తల తుడుచుకుంటూ గది బయట స్టూలేసుకుని కూర్చున్నారు. ఆ పూట పనికి వెళ్ళలేదు.

తెరలో ఒకావిడ, ఒక అబ్బాయి. ఆవిడ నన్నుకూడా "నమస్కారమండీ" అని పలకరించింది. మా వాడికి ఉతికిన చొక్కా వేసి, తల వెనక దిండు ఎత్తు చేశాను. మొదటి ప్రశ్నలు బాగానే నడిచాయి. వాడు చెప్పడం, నేను చిలకలా అప్పజెప్పడం. మధ్యలో ఆవిడ, ఆ ప్రోగ్రాము ఎలా రాశారో ఒక వరస చెప్పమంది. వాడు చెప్పాడు. నేనూ గబగబా చెప్పేశాను.

"ముందు జరిగి, గుమ్మం పెట్టి, పేరుకి చెవిపోగులు పెట్టి, తలుపేసేయాలండి."

ఆవిడ రెప్పలార్పింది. "గుమ్మమా?"

తలుపు చాటునుంచి అమ్మాయి గుక్క తిప్పుకోలేక నవ్వుతోంది. మా వాడు వివరం చెప్పాడు, నేను అందించాను. తెరలో ఇద్దరూ హాయిగా నవ్వారు. "బావున్నాయండీ పేర్లు. ఇక మా ఆఫీసులోనూ ఇవే" అంది ఆవిడ. ఉద్యోగం వచ్చేసిందనే అనుకున్నాను ఆ క్షణం. నేనుగా మంచి జరుగుతుందనుకున్నది ఆ ఒక్కసారే.

అప్పుడు ఆ అబ్బాయి అడిగాడు. "జాబితాలో ఒక పేరు కోసం వెతుకుతున్నారు. ఆ పేరు దొరక్కపోతే మీ ప్రోగ్రాము ఏం చేస్తుంది?"

మా వాడు జవాబు మొదలుపెట్టాడు. "దొరక్కపోతే" అన్నది అందింది. దాని తరవాత వాడు చాలా చెప్పాడు. పెదాలు కదులుతున్నాయి, గొంతు వస్తోంది, ఒక్క ముక్క నాకు తెలియలేదు.

"మళ్ళీ చెప్పు నాన్నా."

చెప్పాడు.

పాడు వాన అని మనసులో తిట్టుకున్నాను. తిట్టుకుని విన్నాను కదా, వాన చప్పుడు లేదు. మా ఆయన పైన పని బాగా చేశారు. గదిలో వాడి గొంతు తప్ప వేరే చప్పుడే లేదు.

"ఇంకొక్కసారి. నెమ్మదిగా."

వాడి నుదురు తడిసింది. మళ్ళీ చెప్పాడు. నేను వాడి నోటికేసి చూస్తూ కూర్చున్నాను. తెరలో ఇద్దరూ కదలకుండా ఎదురుచూస్తున్నారు. "తొందరేం లేదండీ" అంది ఆవిడ.

వాడు ఆగాడు. నా మొహం చూశాడు. ఊపిరి కూడదీసుకుని పొట్టిగా రెండు మాటలన్నాడు. అవి తెలిశాయి.

"తెలియదటండి" అన్నాను వాళ్ళతో.

"ఫరవాలేదండీ, ఫరవాలేదు" అన్నాడు ఆ అబ్బాయి.

వారం తిరక్కుండా జవాబొచ్చింది. ఈసారికి వీలుపడలేదని, నమూనా మాత్రం చాలా బాగుందని రాశారు. అమ్మాయి పైకి చదివింది. మా ఆయన రేకు మీది సంచులు తీస్తానని బయటికి వెళ్ళారు. తీయలేదు. గోడవారగా నిలబడి ఉన్నారు.

నేను వాడి మంచం దగ్గర కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. "ఇప్పుడైనా ఆ గొట్టం పెట్టించుకో నాన్నా. నీ కాళ్ళు పట్టుకుంటాను. నీ ఊపిరి వింటూ నేను బతకలేకపోతున్నాను."

వాడు వద్దన్నాడు. మర్నాడు మళ్ళీ అడిగాను, వద్దన్నాడు. నేను అన్నం మానేశాను. వాడు చూస్తూ ఉండగా మానేశాను. చివరికి ఒక సాయంత్రం వాళ్ళ చెల్లెల్ని పిలిచి, నిదానంగా, ఒక్కొక్క మాటే చెప్పాడు. నాకు కొంత అందింది, కొంత అందలేదు. అది విని అమ్మాయి నా వైపు తిరిగింది.

"సరేనంటున్నాడమ్మా. కానీ ఒక షరతట."

"వెయ్యి షరతులైనా సరే."

"నీలి చొక్కా మాస్టారి పాఠాలు మొదటినుంచీ నువ్వు చూడాలట. చూసి నేర్చుకోవాలట."

"నేనా? నేనేం చేసుకుంటాను?"

"రేపు వాడికి మాట ఉండదు. అక్షరాలు రాసిన అట్ట మీద కళ్ళతో మొదటి అక్షరం చూపించగలడు, ఎంతసేపని అన్నీ చూపిస్తాడు? దేని తరవాత ఏమొస్తుందో నీకు తెలిస్తే మిగతాది నువ్వే రాసేయొచ్చట."

"నా బుర్రకి ఎక్కుతుందా అది?"

మా వాడు ఏదో అన్నాడు. అమ్మాయి పగలబడి నవ్వింది. "ఎక్కకపోతే తోసి ఎక్కిస్తాడట."

ఆస్పత్రిలో మంచం ఖాళీ అయ్యేలోపు దొరికిన ఆ కొన్నాళ్ళూ నేను పిల్లకాయలా కూర్చుని పాఠాలు విన్నాను. "మిత్రులారా" అన్నప్పుడల్లా సర్దుకుని కూర్చునేదాన్ని. అర్థం కానిచోట ఆపి మా వాణ్ణి అడిగేదాన్ని. వాడు ఉన్న గొంతంతా నాకోసం ఖర్చుపెట్టాడు. వద్దురా, దాచుకో అంటే, దాచుకుని ఏం చేయనన్నాడు.

మొదటి అభ్యాసం, పేరు అడిగి పలకరించే ప్రోగ్రాము. రెండు వరసలే. మధ్యాహ్నం మొదలుపెడితే వీధి దీపాలు వేసే వేళకి అయింది. పేరేమిటని అడిగింది. 'అమ్మ' అని కొట్టాను. నమస్కారం అమ్మ, అని వచ్చింది తెర మీద.

"నీ పేరు కొట్టమ్మా. నీకు పేరుంది కదా."

"నన్ను ఈ ఇంట్లో ఆ పేరుతో పిలిచిందెవరు?" అన్నాను.

వాడు ముక్కుతో ఆ శబ్దం చేశాడు.

ఇంకా ముందుకి వెళ్ళాక ఒకరోజు మాస్టారు జాబితాల పాఠం చెప్పాడు. వెతికిన పేరు దొరక్కపోతే ప్రోగ్రాము అక్కడే కూలబడిపోకూడదు, లేదని ఒక మాట చెప్పి, తరవాతి పనికి వెళ్ళిపోవాలి, దానికి ముందే ఇలా రాసిపెట్టుకోవాలి అన్నాడు. నేను పాఠం ఆపేశాను.

"ఇదేనా? ఆ రోజు వాళ్ళకి నువ్వు చెప్పింది ఇదేనా?"

"ఆ."

"మరి తెలియదని చెప్పమన్నావే!"

వాడు ఊపిరి తీసుకున్నాడు. "నీ మొహం చూశాను" అన్నాడు.

పాఠం మళ్ళీ నడిపించాను. మాస్టారు ఏం చెప్పాడో ఆ పూట ఒక్క ముక్క నా చెవిన పడలేదు.

ఆస్పత్రిలో లోపలికి తీసుకెళ్ళే ముందు చక్రాల మంచం పక్కన ముగ్గురం నిలబడ్డాం. వాడు ఏదో అన్నాడు. అందరం వంగాం. నాకే తెలిసింది.

"మాస్టార్ని ఆపి వచ్చావా, లేక ఒక్కడే మాట్లాడుకుంటున్నాడా అని అడుగుతున్నాడు."

మా ఆయన నవ్వారు, నవ్వుతూనే మొహం అటు తిప్పుకున్నారు. "ఆపాను నాన్నా" అన్నాను. తలుపులు మూసుకున్నాయి.

వాణ్ణి ఇంటికి తెచ్చుకునేసరికి వానలు వెనకపట్టు పట్టాయి. మంచం పక్కన మెషిను చేరింది. ఇప్పుడు ఊపిరి దానిది. నేను ముక్కు దగ్గర వేలు పెట్టి చూడనక్కర్లేదు. గొట్టంలో కఫం తీయడం నర్సమ్మ నాకు నేర్పింది. ఔనంటే కళ్ళు పైకెత్తుతాడు. కాదంటే గట్టిగా మూస్తాడు. ఉద్యోగం లేకపోయినా కోర్సు చివరి పని పూర్తి చేయాలని వాడి పట్టుదల. ఏదో లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే లెక్క. మాకెవరికీ పనికొచ్చేది కాదు. రోజూ భోజనాలయ్యాక కూర్చునేవాళ్ళం. అక్షరాల అట్ట మీద వాడి చూపు ఎక్కడ ఆగుతుందో చూసి నేను ఆ మాట రాసేదాన్ని. సగానికి సగం నాకే తెలిసేది.

"ఇక్కడ జరగాలా?"

కళ్ళు పైకి.

"ఇది మళ్ళీ మొదటికి వెళ్ళాలి కదూ?"

కళ్ళు పైకి.

"తప్పా ఇది?"

గట్టిగా మూశాడు. తప్పు కాదట.

ఆ మధ్యాహ్నం ఇంట్లో మేమిద్దరమే. ఎండ గచ్చుమీద పడింది. మెషిను తన పని తాను చేసుకుంటోంది. అడిగినవాటికల్లా ఇట్టే జవాబు చెబుతున్నాడు, మొహం తేటగా ఉంది. ఆ ధైర్యంతో అడిగాను.

"నువ్వు వద్దంటే వినకుండా అన్నం మానేసి మరీ ఈ గొట్టం పెట్టించాను. నామీద కోపమా నాన్నా?"

వాడు కళ్ళు పైకెత్తలేదు. మూయలేదు. నన్నే చూశాడు. పుట్టినప్పట్నుంచీ చదువుకున్న మొహం అది. ఇటునుంచి చూశాను, దగ్గరికి వంగి చూశాను. నాకేమీ తెలియలేదు.

కాసేపటికి వాడి చూపు తెరవైపు తిరిగి, సగంలో ఆగిన వరస దగ్గర నిలిచింది. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని, తరవాత రావలసింది రాశాను.